బుట్టలోకి రాని తాబేళ్ళు

మా వదిన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ చాలాకాలం "ఏదో ఆఫీసు పనిలే" అని మాట దాటేసేది. కోడలు తాబేళ్ళు లెక్కపెడుతుందని చెప్పడానికి ఆవిడకు నోరు వచ్చేది కాదు. ముప్ఫై ఏళ్ళు హాస్టల్ వంటగదిని కంటిచూపుతో నడిపిన మనిషి మా అమ్మ. అంత చదువూ చదివి, చివరికి బురదలో దిగి తాబేలు వీపు మీద రంగు పూయడమేమిటని ఆవిడ బాధ. ఆ బాధను కడుపులో దాచుకునే రకం కూడా కాదు.

"అన్నిసార్లు లెక్కపెట్టడానికి అవేమన్నా బంగారమా?" అనేది, అన్నం తింటున్న కోడలి ఎదురుగా కూర్చుని.

"బంగారమైతే ఒకసారి లెక్కపెట్టి బీరువాలో పెట్టేయచ్చు అత్తయ్యా. ఇవి గుడ్లు పెడతాయి, చచ్చిపోతాయి. అదీ గొడవ," అనేది వదిన, కూర వడ్డించుకుంటూ.

ఈ మనిషికి కోపం రాదా అని నాకు ఒళ్ళు మండేది. మా ఇంటి కోపమంతా నా ఒక్కదాని వాటాకే వచ్చిందని అన్నయ్య అంటాడు. నిజమే కావచ్చు. వదిన గురించి ఇదంతా రాయడం కూడా కొంత కోపంతోనే. నాకు ఆవిడ చేసిన మేలు గురించి నోటితో చెప్పబోతే చాలు, "చాల్లే ఊరుకో" అని వంటింట్లోకి పారిపోతుంది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా సరే. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

ఆవిడది పేరు మోసిన బతుకేమీ కాదు. వాళ్ళ నాన్న తూకం యంత్రాలు బాగుచేసే మెకానిక్. పుట్టింట్లో ఏది కనబడితే అది తూచి చూసేవాళ్ళట, పెంపుడు పిల్లితో సహా. ఆ అలవాటే ముదిరి చదువైంది. ఆ చదువుతో జంతువుల సంరక్షణ కార్యాలయంలో ఉద్యోగం వచ్చింది, అదీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఒక చోట ఒక జాతి జీవులు ఎన్ని ఉన్నాయి, ఏటా ఎన్ని పుడుతున్నాయి, ఎన్ని పోతున్నాయి, పదేళ్ళకు ఎన్నవుతాయి, ఇదీ పని. మా అన్నయ్య వెల్డరు. తాబేళ్ళను పట్టే వల బుట్టలకు ఇనుప రింగులు కావాలని కాగితం మీద బొమ్మ గీసుకుని అతని కొట్టుకు వచ్చింది. గుండ్రంగా లేవని మూడుసార్లు వెనక్కి పంపింది. అన్నయ్య మీద అంత శ్రద్ధ ఎవరూ పెట్టలేదు కాబోలు, మనవాడు పడిపోయాడు. రింగులు కుదిరేసరికి సంబంధం కూడా కుదిరింది.

మా ఇంటికి వచ్చిన కొత్తలో తన పనేమిటో మాకు అర్థమయ్యేలా చెప్పమని అన్నయ్య అడిగాడు. వదిన కంప్యూటరు మూసేసి ఇల్లంతా ఒకసారి కలయజూసింది.

"మొదట ఈ ఇంట్లో మీ అమ్మానాన్నా ఇద్దరే. తర్వాత మీరు పుట్టారు, చెల్లి పుట్టింది, నేనొచ్చాను. ఇలా పెరుగుతూ పోతే ఈ ఇల్లు ఎంతమందిని పడుతుంది?"

"గదులు మూడున్నాయి కదా, పదిమందిని పట్టదూ?" అంది అమ్మ.

"గదులు పదిమందిని పడతాయి అత్తయ్యా. బాత్‌రూమ్ ఒక్కటే. ఆరో మనిషి రాగానే పొద్దున్నే ఇంట్లో యుద్ధం. ఏడో మనిషి వారం తిరక్కుండా వేరే ఇల్లు చూసుకుంటాడు. కాబట్టి ఈ ఇంటి సంఖ్య ఆరు దగ్గర ఆగిపోతుంది."

అని ఒక గీత గీసి చూపించింది. కింద నుంచి మెల్లగా లేచి, మధ్యలో గబగబా ఎక్కి, పైన మళ్ళీ చదునైపోయే గీత. కొలనులో తాబేళ్ళయినా, పొలంలో ఎలకలైనా, తిండీ చోటూ సరిపోయినంత వరకే పెరుగుతాయని, ఆ గీత ఎక్కడ చదునవుతుందో ముందే చెప్పడం తన పనని అంది. అమ్మ ఆ గీతను ఎగాదిగా చూసి, "మరి నాకు మనవలు పుడితే?" అని అడిగింది. రెండో బాత్‌రూమ్ కట్టించాల్సి వస్తుందని వదిన చెప్పింది. నిజంగానే తర్వాత కట్టించాం.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే కథ నడవదు. నేను కంటి ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళను నవ్వుతూ పలకరించి చీటీ రాసివ్వడం నా పని. ఆ ఏడాది ఎండలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే నీళ్ళు నోట్లో నిలవలేదు. ఎడమవైపు నుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మొహం సగం నాది, సగం ఎవరిదో. ఎడమ కన్ను మూతపడదు, ఎడమ పెదవి కదలదు. నరం వాచిందని, చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుందని డాక్టరు చెప్పాడు. నా నరానికి తొందర లేదు. నవ్వడమే సగం ఉద్యోగమైనదానికి సగం నవ్వే మిగిలింది.

సెలవు పెట్టి వెనక గదిలో చేరాను. చుట్టాలొస్తే నిద్ర నటించేదాన్ని. ఇరుగుపొరుగు పలకరిస్తే మొహం చాటేసేదాన్ని. అమ్మ ఊరుకుంటుందా? నాకిష్టమైనవన్నీ వండి గుమ్మం దగ్గర పెట్టేది. "ఒక్కసారి బయటికి వచ్చి తినమ్మా" అని బతిమాలేది. కంచం లోపలికి లాక్కుని తలుపు వేసేసుకునేదాన్ని. ఒకసారి గట్టిగా అరిచాను కూడా. వదిన మాత్రం రోజూ సాయంత్రం కంప్యూటరు తెచ్చుకుని నా మంచం చివర కూర్చునేది.

"నీ గదిలో ఫ్యాను బాగా తిరుగుతుంది," అనేది.

అంతే. నా మొహం ఎలా ఉందని అడిగేది కాదు. తన పని తను చేసుకుంటూ, మధ్యలో ఎప్పుడైనా తాబేళ్ళ కబుర్లు చెప్పేది.

ఆ రోజుల్లోనే ఆవిడకు పెద్ద పని అప్పజెప్పారు. ఊరికి నీళ్ళిచ్చే పాత జలాశయం గట్టు బీటలిచ్చింది. గట్టు కింద ఇళ్ళున్నాయి. వచ్చే ఏడాది వానలలోపు నీళ్ళన్నీ తోడేసి, అడుగున పేరుకున్న బురద యంత్రాలతో ఎత్తేసి, గట్టు బాగుచేయాలి. అందులో ఎప్పటి నుంచో తాబేళ్ళున్నాయి. నీళ్ళు తగ్గితే తాబేలు పారిపోదు, బురదలో దూరి కూర్చుంటుంది. యంత్రం వచ్చి ఆ బురదనే ఎత్తుతుంది. అందుకని ముందే వాటిని పట్టి, ఊరి పార్కులో ఉన్న కొలనుకు మార్చాలని నిర్ణయించారు. ఎన్ని ఉన్నాయో, పార్కు కొలను అన్నింటిని పోషించగలదో లేదో చెప్పమని వదినను అడిగారు. ఆవిడ సొంత పేరు మీద వెళ్ళే మొదటి నివేదిక అది. దాన్ని బట్టే మరుసటి ఏడాది ఉద్యోగం.

నీళ్ళలో ఉన్నవాటిని ఎలా లెక్కపెడతావని అమ్మ ఎద్దేవా చేస్తే, వదిన శెనగల డబ్బా తెచ్చింది. ఒక గుప్పెడు తీసి ఎర్ర సిరా పూసి, ఆరాక మళ్ళీ డబ్బాలో వేసి బాగా కలిపింది. ఇంకో గుప్పెడు తీసింది. అందులో సగం ఎర్రవి వస్తే, తను రంగు పూసినవి మొత్తం శెనగల్లో సగమని అర్థం. పదో వంతు ఎర్రవి వస్తే, రంగు పూసినవి పదో వంతేనని. పూసినవి ఎన్నో మనకు తెలుసు కాబట్టి మొత్తం తెలిసిపోతుంది. అమ్మ ముక్కున వేలేసుకుంది. లెక్కకు కాదు, శెనగలు పాడైనందుకు.

అయితే ఆ రోజు నుంచి ఆవిడకు తాబేళ్ళ మీద ఆసక్తి పుట్టింది. బుట్టల్లో ఎరగా ఏం పెడుతున్నావని ఆరా తీసింది. ఎండు చేప ముక్కలని వదిన చెప్పగానే మొహం అదోలా పెట్టింది.

"అతిథిని పిలిచి ఆ కంపు పెడతావా? నేను చూసుకుంటాలే, నువ్వు తప్పుకో."

మర్నాటి నుంచి ఎర బాధ్యత అమ్మది. చేప తలలు, కోడి కార్జం తెప్పించి, పెనం మీద కాస్త వేడి చూపించి, చిన్న చిన్న సంచుల్లో కట్టి ఇచ్చేది. బుట్టలు నిండిపోయాయి. పట్టిన ప్రతి తాబేలుకూ డిప్ప అంచున చిన్న గాటు పెట్టి, వీపు మీద పసుపు రంగు చుక్క వేసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేవారు. అలా తొంభై తాబేళ్ళకు గుర్తులు వేశారు. వాటిలో ఒకటి ఏ బుట్ట ఎత్తినా అందులో ఉండేది. డిప్ప మీద పాత గాయం, మెడ బారు. తింటుంది, వదిలేస్తే వెళ్తుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది.

"అల్లుడుగారు మళ్ళీ వేంచేశారు అత్తయ్యా," అని వదిన రోజూ సాయంత్రం కబురు చెప్పేది.

"సరిగ్గా తిన్నారా?" అని అమ్మ అడిగేది, నిజంగానే.

వెనక గదిలో పడుకుని ఈ మాటలు వింటూ నేను దుప్పటి కప్పుకుని నవ్వుకునేదాన్ని. సగం మొహంతోనే.

ఆఖరి విడతలో బుట్టల్లో పడ్డవాటిలో నాలుగింట మూడు పసుపు చుక్కవే. అంటే రంగు పూసిన తొంభై తాబేళ్ళూ మొత్తంలో నాలుగింట మూడొంతులు. మొత్తం నూట ఇరవై. పార్కు కొలనులో తిండి రెండు వందల తాబేళ్ళ దాకా సరిపోతుందని వదిన ముందే అంచనా కట్టింది. ఏటా పుట్టేవి, పోయేవి పెట్టి గీత గీస్తే, ఈ నూట ఇరవై మెల్లగా పెరిగి, చాలా ఏళ్ళకు రెండు వందల దగ్గర కుదురుకుంటాయని వచ్చింది. ముచ్చటైన గీత. నివేదిక పంపించింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. నూట ఇరవై పట్టగానే నీళ్ళు తోడే పంపులు, వాటి వెనకే యంత్రాలు దిగుతాయని నిశ్చయమైపోయింది. అమ్మ మొదటిసారి పక్కింటావిడతో, "మా కోడలు తాబేళ్ళ మీద పెద్ద లెక్క చేసింది" అని గొప్పగా చెప్పుకుంది.

చలి మొదలైంది. నా మొహంలో కాస్త కదలిక వచ్చింది కానీ నేను గది వదల్లేదు. ఒక పొద్దున వదిన టోపీ పెట్టుకుని, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని నా గుమ్మంలో నిలబడింది.

"ఆడపడుచుగారూ, నాకో సాయం చేస్తారా? గట్టు మీద ఊరికే కూర్చోవాలి. అక్కడ మనుషులెవరూ ఉండరు. నాకు వేరే పనుంది, ఒక్కదాన్నే చూసుకోలేకపోతున్నాను."

"నేను రాను."

"సరే. స్కూటరు బయటే ఉంది. టీ తాగి బయల్దేరుతాను," అని వెళ్ళిపోయింది.

బతిమాలి ఉంటే నేను అరిచి ఉండేదాన్ని. బతిమాలలేదు. టీ తాగడం మాత్రం చాలాసేపు తాగింది. చివరికి నేనే చున్నీ మొహానికి చుట్టుకుని వచ్చి స్కూటరెక్కాను.

గట్టు మీద నిజంగానే ఎవరూ లేరు. చలికాలం కదా, పొద్దెక్కగానే తాబేళ్ళు నీళ్ళలోంచి వచ్చి రాళ్ళ మీద ఎండకు కూర్చుంటాయి. వదిన నా చేతికి బైనాక్యులర్స్ ఇచ్చి, ఏదో కబుర్లు చెప్పమన్నంత తేలిగ్గా, పసుపు చుక్క ఉన్నవెన్నో లేనివెన్నో చెబుతూ ఉండమంది. తను నీటి లోతు కొలిచే కర్ర పట్టుకుని దిగువకు వెళ్ళింది. నేను చున్నీ తీసేశాను. ఎన్నో నెలల తర్వాత బుగ్గ మీద ఎండ పడింది. తాబేళ్ళు నన్ను చూశాయి. వాటికి నా మొహంలో తేడా ఏమీ కనబడలేదు.

"చెప్పు!" అని కింద నుంచి కేకేసింది.

"చుక్క లేదు. లేదు. లేదు. ఉంది. లేదు. లేదు. ఇది కూడా లేదు వదినా. ఈ రాయి మీద అన్నీ లేనివే!"

కర్ర చప్పుడు ఆగిపోయింది. వదిన గట్టెక్కి వచ్చి, నా పక్కన కూర్చుని, బైనాక్యులర్స్ తీసుకుని చాలాసేపు చూసింది. ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం చూశాను.

"ఏమైంది?"

"రంగు ఊడిపోయిందేమో చూడాలి," అంది మెల్లగా.

ఊడలేదు. వారం పాటు రోజూ పొద్దున వెళ్ళాం. కొన్నింటిని చేత్తో పట్టి చూసింది. చుక్క లేనివాటికి డిప్ప అంచున గాటూ లేదు. అవి ఎప్పుడూ బుట్టలోకి రానే లేదు. రాళ్ళ మీద కూర్చున్నవాటిలో అయిదింటికి ఒకటే పసుపు చుక్కది. అంటే రంగు పూసిన తొంభై, మొత్తంలో అయిదో వంతు. నాలుగు వందల యాభై దాకా ఉన్నాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన ఈ సంగతి చెప్పింది. బుట్టల్లోకి వచ్చినవి, వచ్చినవే మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఎర రుచి మరిగి. అందుకే చూసినవాటిలో చాలావరకు చుక్కవే అయ్యాయి. రానివాటి సంగతి బుట్ట ఎప్పటికీ చెప్పదు.

అమ్మ ముద్ద కంచంలో పెట్టేసింది. "అంటే నా వంట వల్లా?"

"కాదు అత్తయ్యా. తప్పు నాది. వచ్చినవాటినే చూసి, అవే అన్నీ అనుకున్నాను. బుట్టతో కాకుండా ఇంకో రకంగా కూడా ఒకసారి చూడాల్సింది. నివేదిక పంపకముందే చూడాల్సింది."

"ఆ అల్లుడు సచ్చినోడు!" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "తిన్నన్నాళ్ళూ తిని కొంప ముంచాడు."

నాకు భయం వేసింది. నూట ఇరవై పట్టి, పని అయిపోయిందనుకుని యంత్రాలు దింపితే, మూడు వందలకు పైగా బురదలోనే ఉండిపోతాయి. పోనీ అన్నీ పట్టినా, పార్కు కొలను మొదటి రోజే కిక్కిరిసిపోతుంది. ఆ ముచ్చటైన గీత మెల్లగా ఎక్కదు, ఆకలితో కిందికి పడిపోతుంది. ఇదంతా నాకు వదినే నేర్పింది. కానీ నివేదిక వెళ్ళిపోయింది. పంపులు వచ్చే వారమే వస్తున్నాయి.

"ఇప్పుడు వెళ్ళి తప్పని చెబితే నీ ఉద్యోగం ఉంటుందా?" అన్నాను.

"ఉండకపోవచ్చు," అంది. కంచంలో కాసేపు గీతలు గీసింది. "చెప్పకపోతే రోజూ ఆ గట్టు మీద నుంచే ఇంటికి రావాలి కదా. ఎలా వస్తాను?"

అన్నయ్య లేచి ఆవిడ కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించాడు.

నీటి సరఫరా కార్యాలయంలో సమావేశం పెట్టారు. పొడుగాటి బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద గట్టు బీటల ఫోటోలు. గదిలో పదిహేను మంది దాకా ఉన్నారు. నేను చున్నీ చుట్టుకుని చిట్టచివరి కుర్చీలో కూర్చున్నాను. నువ్వేమీ మాట్లాడక్కర్లేదు, తోడుగా ఉంటే చాలని వదిన ముందే చెప్పింది. ఆవిడ నిలబడి, నీళ్ళు నమలకుండా, తన అంకె తప్పని మొదటి వాక్యంలోనే చెప్పేసింది. ఎందుకు తప్పిందో చెప్పింది. ఒకేసారి ఖాళీ చేయకుండా మధ్యలో ఇసుక బస్తాలతో కట్ట వేసి, సగం సగం తోడమని అడిగింది, అలాగైతే తాబేళ్ళను ఒక సగం నుంచి ఇంకో సగానికి మార్చుకుంటూ పోవచ్చని చెప్పింది.

గట్టు పని చూసే ఇంజనీరుగారు నెరిసిన మీసాల మనిషి. నిద్ర చాలని కళ్ళు. చెడ్డవాడు కాదు, గట్టు కింది ఇళ్ళు ఆయన గుండెల మీద ఉన్నాయి.

"మొన్న నూట ఇరవై అన్నారు. ఇవాళ నాలుగు వందల యాభై. ఎల్లుండికి ఎన్నవుతాయమ్మా?"

గదిలో నవ్వులు. వదిన చెవులు ఎర్రబడ్డాయి.

"నేను వానలతో పరుగు పెడుతున్నానండీ," అన్నాడాయన. "సగం సగం అంటే నెల అదనం. మీరు మనసు మార్చుకున్నారని నెల ఆగమంటారా? ఇంతకీ ఆ చుక్కలు లేనివాటిని చూసిందెవరు, మీరేనా?"

"నేనూ చూశాను. మొదట చూసింది నా సహాయకురాలు."

"ఎవరామె? వచ్చారా?"

వదిన వెనక్కి తిరిగి చూడలేదు. కళ్ళు కూడా నావైపు తిప్పలేదు. "ఆమె ఇక్కడ మాట్లాడక్కర్లేదని మాటిచ్చానండీ. నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంకోసారి లెక్క చేసి తెస్తాను," అంది.

ఇంకోసారికి టైము లేదని ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు. తన ఉద్యోగం, అన్ని తాబేళ్ళు, అన్నీ ఒక పక్క పెట్టుకుని కూడా, నన్ను మాత్రం ముందుకు లాగడం లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎడమ కన్ను సరిగ్గా మూసుకోదు కాబట్టి దాచుకోవడం కూడా కుదరదు.

లేచి నిలబడి చున్నీ తీశాను.

"నేనేనండీ చూసింది."

అందరూ తిరిగారు. ఎవరో చప్పున చూపు దించుకున్నారు, ఎవరో దించుకోలేదు. పెదవి సరిగ్గా కలవక నాకు అప్పటికి 'బ' పలకదు. చెప్పాల్సిన మాటేమో తాబేళ్ళు. అయినా చెప్పాను. ఏ రాయి మీద ఎన్ని కూర్చున్నాయో, వాటిలో ఎన్నింటికి చుక్క ఉందో, ఏ పొద్దు చూసినా అయిదింటికి ఒకటే ఎలా వచ్చిందో, నత్తిగా, లాలాజలం తుడుచుకుంటూ అంతా చెప్పాను. మధ్యలో ఎవరైనా నవ్వితే అరుద్దామని కూడా సిద్ధంగా ఉన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఇంజనీరుగారు చివరిదాకా నా మొహంలోకే చూస్తూ విన్నాడు.

"రేపు పొద్దున నాక్కూడా చూపిస్తారా అమ్మా?" అన్నాడు.

చూపించాను. గట్టు మీద నా పక్కనే గొంతుక్కూర్చుని బైనాక్యులర్స్ పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయనే గొణగడం మొదలుపెట్టాడు, లేదు, లేదు, లేదు, ఉంది, లేదు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకుని, బస్తాల్లోకి ఇసుక ఎక్కడి నుంచి తెప్పించాలో ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

నీళ్ళు సగం సగంగా తోడారు. అన్నయ్య ఇనుప చట్రాలు చేసిపెట్టాడు. అమ్మ కూలీలందరికీ వండి తెచ్చింది, పెద్ద గిన్నెలు చూసి ఎన్నేళ్ళయిందోనని మురిసిపోయింది. మొదటి సగంలో నీళ్ళు మోకాలి లోతుకు దిగేసరికి బురద కదలడం మొదలైంది. ఇక్కడొకటి, అక్కడొకటి, తర్వాత ఎక్కడ చూస్తే అక్కడ. పెద్దవి, అరచేతిలో ఇమిడేవి, గుడ్లలోంచి కిందటేడు వచ్చిన పిల్లలు. దాదాపు అన్నీ చుక్క లేనివే. అమ్మ గట్టు మీద గరిటె పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"ఇంతమందా నా వంట వద్దన్నది!" అంది చివరికి.

రెండు సగాలూ అయ్యేసరికి నాలుగు వందల ముప్ఫై చిల్లర తేలాయి. బాగైన జలాశయంలోకే వాటిని తిరిగి వదిలారు. వదిన ఉద్యోగాన్ని ఇంకో ఏడాది పొడిగించారు, నివేదికలో తప్పు దొర్లిందని ఒక మందలింపు కాగితం కూడా దానికి కుట్టి పంపారు. ఆవిడ రెండూ ఒకే ఫైల్లో పెట్టుకుంది. నేను కంటి ఆసుపత్రికి తిరిగి వెళ్ళాను. ఎడమ పెదవి చివర ఇప్పటికీ పైకి లేవదు. ఆ మిగిలిన నవ్వుతోనే పలకరిస్తున్నాను, ఎవరూ చీటీ తీసుకోకుండా వెళ్ళిపోలేదు.

ఆ మొదటి సగం తోడిన రోజునే ఇంకొకటి జరిగింది. మధ్యాహ్నం నేనూ బురదలోకి దిగాను. మొహానికి చున్నీ లేదు, చుట్టూ ముప్ఫై మంది జనం. బురదలో చేతికి తగిలినదాన్ని పైకి తీస్తే పాత గాయం, బారు మెడ, పసుపు చుక్క. సాక్షాత్తూ అల్లుడుగారే. దాన్ని రెండు చేతులా పట్టుకుని వదిన దగ్గరికి అడుగు తీసి అడుగు వేసుకుంటూ వెళ్ళాను. అమ్మ గుమ్మంలో పెట్టిన కంచాలు, నా మంచం చివర వదిన కూర్చున్న సాయంత్రాలు, ఆ పొద్దున చల్లారిపోయేదాకా తాగిన టీ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"వదినా, నువ్వు లేకపోతే నేను ఇంకా ఆ గదిలోనే ఉండేదాన్ని," అన్నాను. "నీ రుణం తీర్చుకోలేను."

ఆవిడ అటూ ఇటూ చూసింది. మోకాళ్ళ దాకా బురదలో కూరుకుపోయి ఉంది. పారిపోవడానికి వంటిల్లు దరిదాపుల్లో లేదు. బురద చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"చాల్లే ఊరుకో," అంది. "ముందు ఆయన్ని సరిగ్గా పట్టుకో, జారిపోతున్నాడు."